ఏ పెన్నుతో రాయాలి

2016 మే 9, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలు. కర్నూలులో నలభై మూడు డిగ్రీల ఎండ. గాలి లేదు, కరెంటు లేదు.

చెమటకు తట్టుకోలేక మ్యూజియం ఉద్యోగిని లక్ష్మీప్రియ చేతి తొడుగులు తీసేసింది.

ఆమె ముందు ఆరువందల పద్నాలుగు ఫొటోలున్నాయి. శ్రీశైలం ఆనకట్ట నీళ్లు ఒక ఊరిని ముంచకముందు, అక్కడి గుడిని రాయిరాయిగా విప్పి మెరకకు తరలించినప్పటివి. నెగిటివులు లేవు. ఒక్కటి పాడైనా మళ్లీ రాదు.

ఒక్కొక్కటీ ప్లాస్టిక్ కవరులో పెట్టి, పైన జెల్ పెన్నుతో నంబరు వేస్తోంది.

"ఆ ఇంకు దీనిమీద నిలవదు తల్లీ."

గుమ్మంలో ఒక ముసలాయన. మ్యూజియం నేలకు బేతంచెర్ల బండలు తెచ్చిన లారీతో వచ్చి, మంచినీళ్ల కోసం లోపలికి అడుగుపెట్టాడు.

"పెన్నుల అంగడి కూడా ఉందా తాతా మీకు?"

"లేదులే. ఒక ఖాళీ కవరు ఇయ్యి."

బల్లమీదున్న మూడు పెన్నులతోనూ దానిపై అంకెలు వేశాడు. ఇంకు ఆరేందుకు ఐదు నిమిషాలు ఆగాడు. తరువాత తడి బొటనవేలితో రుద్దాడు.

జెల్ ఇంకు అలుక్కుపోయింది. బాల్ పెన్ను గీతలు సగం పోయాయి. సన్నమొన మార్కరు అంకె చెదరలేదు.

"దీంతో రాయి. ఫొటో లోపల పెట్టి పైన రాయొద్దు, ఒత్తుడు పడుతుంది. రాసి, ఆరబెట్టి, వాసన పోయినాక పెట్టు."

"అన్నిటికీ ఇట్లా కాచుకుంటే దీపావళికి అవుతుంది. మీరు పోయి బండలు చూసుకోండి తాతా."

"చూస్తాండాలే, కోపమెందుకు? నంబరు పోయిందంటే ఏది యాడ పెట్టాలో ఇంగ ఎవురికీ తెలీదు."

"దాసన్నా, దింపాల, రాప్పా" అని డ్రైవరు కేకేశాడు. ఆయన వెళ్లాడు.

ఆమె జెల్ పెన్నుతోనే కొనసాగించింది.

మధ్యాహ్నం మూడింటికి కవర్ల దొంతర సర్దుతుంటే, ఆరని ఇంకు వేళ్లకంటింది. గమనించక, బయటికి జారిన ఒక ఫొటోను ఆ వేలితోనే లోపలికి నెట్టింది. నీలిమరక పడింది. తుడిస్తే పాకింది. రాతి పక్కన కుంచె పట్టుకుని నిలబడ్డ యువకుడి ముఖం పూర్తిగా పోయింది.

ఫొటో పట్టుకుని ఆమె లారీ దగ్గరికి నడిచింది.

"తాతా, ఒకటి పాడు చేశాను."

దాసన్న దాన్ని వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు.

"రాతిమీది నంబరు చదువు తల్లీ."

"పద్నాలుగు వందల పద్దెనిమిది."

"కనపడతాండాది కదా. మొగానిదేముండాదిలే."

లారీ వెళ్లిపోయింది.

ఆమె ఆ కవర్లన్నీ పారేసి, మార్కరుతో మొదటినుంచి రాసింది. ప్రతి కవరూ ఆరేదాకా ఆగింది. పదకొండు రోజులు పట్టింది.

ఏడేళ్ల తరువాత, మెరకన నిలబెట్టిన ఆ గుడికి మరమ్మతులు జరిగాయి. ఊడదీసిన ప్రతి రాయి వెనకా తెల్లని అంకె అలాగే ఉంది. ఒక్క రాయీ తప్పుచోట లేదు. మూడువేల నాలుగువందల పన్నెండు రాళ్లకూ నంబర్లు వేసినది ఒకే మనిషి అని గుడి తరలింపు నాటి పాత హాజరుపట్టీ చెప్పింది: దాసన్న, రోజుకూలి, బేతంచెర్ల.