గల్ఫ్‌కు ఒక సీటు

మైకు ముందు నిలబడ్డ ఆశీష్ మళ్ళీ ఫోన్ చూసుకున్నాడు.

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని ఆ అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌ను కాసేపట్లో ఖాళీ చేయాలి. తరవాత ఎవరిదో పుట్టినరోజట. వాళ్ళు అప్పుడే బెలూన్లు పట్టుకుని గుమ్మం దగ్గర తచ్చాడుతున్నారు.

దేశదేశాల్లో పనిచేసే తెలుగు నర్సులందరికీ ఒక సంఘం పెట్టాలని ఆశీష్ తపన. జీతాలుండవు, అందరూ స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళే. ఎక్కడ ఏ నర్సు ఆపదలో పడినా సంఘం ఆదుకోవాలి. ఈ రోజు కార్యవర్గం తేలితే సంఘం పుట్టినట్టే.

"బ్రిటన్‌కు నాలుగు సీట్లు, అమెరికాకు మూడు, ఆస్ట్రేలియాకు ఒకటి, ఇండియాకు ఒకటి. మెంబర్ల సంఖ్యను బట్టి వేశాం. అబ్జెక్షన్ లేకపోతే ఓటింగ్‌కి వెళ్దాం" గబగబా చదివేశాడు.

"గల్ఫ్‌కు ఏడుండాదప్పా సీటు?"

వెనక వరుసలోంచి ఒక పెద్దావిడ. నేత చీర, ఒళ్ళో గుడ్డ సంచి. పక్కన, మస్కట్ నుంచి ఈమధ్యే తిరిగొచ్చిన ప్రేమకుమారి కూర్చుని ఉంది.

"గల్ఫ్‌లో మనకు మెంబర్లు చాలా తక్కువమ్మా. నెక్స్ట్ ఇయర్ చూద్దాం."

"తక్కువ ఎందుకుండారో అడిగినారా?"

ఆశీష్ గుమ్మం వైపు చూశాడు. బెలూన్ల వాళ్ళు లోపలికి తొంగి చూస్తున్నారు.

"ఈ పాపను అడగండి" అంటూ ఆమె ప్రేమకుమారి భుజం తట్టింది.

ప్రేమకుమారి లేచి నిలబడింది.

"నేను పనిచేసిన క్లినిక్‌లో పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే పెట్టుకున్నారు సార్. ఏదైనా సంఘంలో చేరినట్టు తెలిస్తే పని పోతుందని అందరికీ భయం. మా అమ్మ పోయినప్పుడు కూడా నన్ను పంపలేదు. ఎవరికి ఫోన్ చేయాలో నాకు తెలియలేదు."



గుమ్మం దగ్గర బెలూన్ ఒకటి పేలింది. ఆశీష్ ఉలిక్కిపడ్డాడు.

"సారీ అమ్మా. మీలాంటివాళ్ళ కోసమే కదా ఈ సంఘం."

"వాళ్ళ కోసమంటావు, వాళ్ళు మాత్రం లోపల కూర్చోకూడదా?" అంది పెద్దావిడ. "ఎవరి ఫోను ముందు ఎత్తాలో తేల్చేది ఆ సీట్లలో ఉండేవాళ్ళే గదా. బ్రిటన్‌లో ఒకటి తీసి గల్ఫ్‌కు ఇయ్యండి."

"బ్రిటన్ వాళ్ళు అలిగి వెళ్ళిపోతే అసలు సంఘమే ఉండదు మేడమ్!"

"అలుగుతారని నీకెవరు చెప్పినారప్పా?"

"మీరసలు ఎక్కడి నుంచి?"

"ఈ ఊరిదాన్నే. చిక్కపేటలో పుట్టి పెరిగినా."

"ఎవరి తరఫున మాట్లాడుతున్నారు?"

"ఎవరి తరఫునైతే ఏమి? మాట న్యాయమా కాదా, అది చూడు."

ఆశీష్‌కు ఓపిక నశించింది.

"మీకు సీటు కావాలంటే నేరుగా అడగండమ్మా. మధ్యలో గల్ఫ్ పేరెందుకు?"

ముందు వరుసలో కొందరు నవ్వారు. ప్రేమకుమారి తల దించుకుంది.

పెద్దావిడకు కోపం రాలేదు. "నాకొద్దులేప్పా" అని మాత్రం అంది.

ఓటింగ్ జరిగింది. గల్ఫ్ కోసం అక్కడొకటి ఇక్కడొకటి చేతులు లేచాయి. అంతే.

ఆమె ప్రేమకుమారి చెయ్యి పట్టుకుని, బెలూన్ల మధ్య నుంచి దారి చేసుకుంటూ బయటికి వెళ్ళిపోయింది.

ఆశీష్ హమ్మయ్య అనుకున్నాడు. సంఘం ఏర్పడిందని నర్సులందరూ ఉన్న ఫోన్ గ్రూపులో పెట్టాడు. అభినందనలు వచ్చిపడ్డాయి.

ఆ వెనకే గల్ఫ్ నర్సులు ఒక్కొక్కరే గ్రూపు వదిలి వెళ్ళిపోవడం మొదలైంది. కువైట్. దోహా. మస్కట్.

ఒక్కచోట నిలవలేక, నడుస్తూనే బ్రిటన్‌కు ఫోన్ చేశాడు. అక్కడి వ్యవహారాలు చూసే అబ్రహాం ఎత్తాడు.

"అన్నా, మీ నాలుగు సీట్లూ సేఫ్. ఒకావిడ ఒకటి లాగేయాలని చూసింది, నేను సాగనివ్వలేదు. మీ నలుగురి పేర్లు చెప్పండి."



"ఆవిడ అక్కడుంటే ఒకసారి ఫోన్ ఇవ్వు, ఆశీష్."

"వెళ్ళిపోయిందన్నా. ఆవిడ మీకు తెలుసా?"

"తను వస్తున్నట్టు నీకు చెప్పొద్దంది. తెలిస్తే మొహమాటానికి ఒప్పుకుంటారు, న్యాయమనిపించి ఒప్పుకోవాలి అంది."

ఆశీష్ నడక ఆగిపోయింది.

"పేర్లు అడిగావు కదా, రాసుకో" అన్నాడు అబ్రహాం. "మొదటి పేరు ఎవాంజెలిన్. బ్రిటన్‌లో మా అందరికీ పెద్దక్క. గల్ఫ్ వాళ్ళకు ఇమ్మని నిన్ను అడిగింది తన సీటే."