వాగు అవతల వడ్రంగిపిట్ట

అడవిలో దగ్గుకు మందిచ్చేది ఎలుగుబంటి. నెల దాటిన దగ్గయితే కషాయం పోసే ముందు వడ్రంగిపిట్ట చేత రొమ్ము తట్టించి చూడాలని జంతువులన్నీ కూడి తీర్మానించాయి. ఎన్నో చావులు చూశాక తేలిన సంగతి అది. ఊపిరితిత్తుల్లో గడ్డ పుట్టి ఉంటే పిట్టకు చప్పుడులోనే తెలిసిపోతుంది. త్వరగా తెలిస్తే దానికి వేరే ఆకు ఉంది. ఎలుగుబంటి ఆ తీర్మానాన్ని తాటాకు మీద రాయించి గుహ ముందు వేలాడదీసింది.

దుప్పి రెండు నెలల దగ్గుతో వచ్చింది.

"వాగు దాటి పిట్ట దగ్గరికి వెళ్ళమంటారా, డాక్టరుగారూ?" అని తాటాకు చూస్తూ అడిగింది.

"అంత దూరం ఎందుకమ్మా, చలిగాలి దగ్గే," అంటూ ఎలుగుబంటి కషాయం పోసింది. వెనక వరసలో ఇంకా చాలా జంతువులు నిలబడి ఉన్నాయి.

దుప్పి మూడుసార్లు వచ్చి కషాయం తాగింది. నాలుగోసారి రాలేదు.

వానలు వెలిశాక ఎలుగుబంటికే దగ్గు పట్టుకుంది. కషాయం కుండ ముట్టుకోకుండా మూడో రోజే వాగు దాటింది.

వడ్రంగిపిట్ట దాని రొమ్ము తట్టి, చెవి ఆనించి విని, "ఏమీ లేదు, చలిగాలి దగ్గే," అంది. "ఈ ఏడాది మొత్తంలో నా దగ్గరికి వచ్చింది మీరొక్కరే."