కప్పు దాకా లేవని గోడ

గోడ అవతల వైరు మళ్ళీ చిక్కుపడింది.

పెద్ద మేస్త్రి చూడక్కర్లేదు, చెవి చాలు. వెల్డింగ్ గన్‌లోంచి వైరు సాఫీగా వస్తుంటే తెగకుండా సన్నటి రొద వినిపించాలి. ఇప్పుడలా లేదు. చిటపటమంటోంది, ఆగుతోంది, మళ్ళీ చిటపటమంటోంది. చివరికి మోటారొక్కటే ఊరికే తిరుగుతోంది. మెత్తటి అల్యూమినియం వైరు మెషీన్ లోపల ఉండచుట్టుకుపోయి ఉంటుంది.

“వాడి మొహం! వైరుని ముందుకి తోసే రోలర్లు బిర్రుగా బిగించేసి ఉంటాడు,” అని గొణుక్కున్నాడు.

వాడంటే తమ్ముడే. ఒకప్పుడు ఇద్దరిదీ ఒకటే షెడ్డు, ఒకటే టీ ఫ్లాస్కు. ఇనుము పని తమ్ముడిది, అల్యూమినియం పని అన్నగారిది. ఓ రోజు తమ్ముడు అల్యూమినియం మీద చెయ్యి వేయబోతే, నలుగురి ముందూ పెద్ద మేస్త్రి నోరు జారాడు.

“నీది మోటు చెయ్యిరా! ఇది నీ వల్లయ్యే పని కాదు. ఈ జన్మకి నీకు ఇనుమే!”

మర్నాడే తమ్ముడు పిలిపించిన తాపీమేస్త్రి వచ్చి షెడ్డు మధ్యలో గోడ లేపాడు. ఇటుకలు చాలలేదో, కట్టించినవాడికి ఓపిక చాలలేదో, గోడ కప్పు దాకా వెళ్ళలేదు. మాటలు మాత్రం పూర్తిగా ఆగిపోయాయి.

ఇప్పుడా తమ్ముడు పంతం కొద్దీ అల్యూమినియం పడవల ఆర్డరే పట్టాడు. అతుకు కారిందంటే ఆర్డరు పోతుంది. ఆర్డరు పోతే షెడ్డు మూసేసి ఎటో వెళ్ళిపోతాడు. ఆపైన గోడ అవతల చప్పుడన్నదే ఉండదు. పెద్ద మేస్త్రి భయమల్లా అదే. భార్య పోయాక ఇంట్లో పలకరించే దిక్కు లేదు. ఇక్కడ కనీసం గోడకి అవతల ఒక మనిషి ఉన్నాడు.

వెళ్ళి చెప్పొచ్చుగా అంటారా? భలేవారే! అన్నగారాయె, పరువు అడ్డొచ్చింది. అందుకని ఫోను తీసి, ఎవరికీ చెయ్యకుండానే చెవి దగ్గర పెట్టుకున్నాడు.

“హలో! ఆఁ, చెప్పండి సార్! వైరు చిక్కుపడుతోందా?” అని కప్పు ఎగిరిపోయేలా అరిచాడు. “అల్యూమినియం మెత్తన కదండీ! ఇనుప వైరుకి బిగించినట్టు రోలర్లు బిగిస్తే నలిగి చావదూ? కాస్త వదులు చెయ్యండి! గన్ కేబుల్ చుట్టలు చుట్టి పడేశారా? తిన్నగా పరవండి!”

అవతల ఏదో తిప్పుతున్న చప్పుడు. కాసేపటికి సన్నటి రొద మొదలైంది. పెద్ద మేస్త్రి పొంగిపోయాడు. ఎన్నాళ్ళకి తమ్ముడు తన మాట విన్నాడు!

అది మొదలు, రోజుకో తంటా. ఓసారి వైరు గన్ కొసనున్న టిప్పుకి అంటుకుపోయేది. ఓసారి అతుకు మొదట్లో పట్టేది కాదు. టప్‌టప్‌మని మంట అందుకోక సతాయించేది. వెంటనే ఇటు ఫోను చెవికెక్కేది.

“మొదట్లో పట్టట్లేదా సార్? అల్యూమినియం వేడినంతా లాగేసుకుంటుంది! రేకు చల్లగా ఉంటే కరిగిన వైరు పైపైన కూచుంటుంది, లోపలికి దిగదు. పక్కన ఓ తుక్కు ముక్క పెట్టి, దానిమీద మొదలెట్టి, వేడెక్కాక అసలు అతుకు మీదికి రా... రండి! అంతకుముందు బ్రష్షుతో బాగా రుద్దు... రుద్దండి! ఇనుము రుద్దిన బ్రష్షు కాదు, మహానుభావా!”

సరిగ్గా అప్పుడే చెవి దగ్గరున్న ఫోను గణగణమని మోగింది. ఈసారి నిజంగానే. ఉలిక్కిపడి నొక్కేసి, “లైను కట్టయింది సార్!” అన్నాడు, ఎవరితోనో మరి. అవతల తమ్ముడికి పొలమారినట్టు దగ్గు వచ్చింది.

ఏ తంటా లేకుండా మెషీన్ నడిచిన రోజున పెద్ద మేస్త్రికి పొద్దు గడిచేది కాదు. తన క్యారేజీ తను విప్పుకుని, తన ముద్ద తను మింగి, సాయంత్రం తాళం వేసుకుని పోయేవాడు. ఆ రోజంతా నోరు విప్పిందే ఉండేది కాదు. వాడి పని చెడాలని కోరుకుంటున్నానా అని తనమీద తనకే అసహ్యం వేసేది. అయినా మర్నాడు చెవి గోడవైపే ఉండేది.

తిరిగి తిరిగి రోలర్ల దగ్గరికే వచ్చేది వ్యవహారం. “ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు!” అని పలకని ఫోన్లో కసిరేవాడు. కసిరాక ప్రాణం హాయిగా ఉండేది.

ఇవాళ కూడా ఫోను చెవికెత్తబోతుండగా, పడవల కంపెనీ మేనేజరు తమ్ముడి షెడ్డులోంచి బయటికొచ్చి ఇటు తిరిగాడు.

“మేస్త్రిగారూ, ఇంకా కొన్ని పడవలున్నాయి. మీరు చేసిపెట్టాలి.”

పెద్ద మేస్త్రి ఒక్కసారి గోడవైపు చూశాడు. అయితే వాడి ఆర్డరు పోయిందన్నమాట.

“నేను చెయ్యను బాబూ. వాడికే ఇవ్వండి. కొత్త పని కదా, తడబడుతున్నాడు. కాస్త ఓపిక పట్టండి. వాడి చెయ్యి మంచిది. కాదన్నవాడికి బుద్ధి లేదు.”

చేతిలో ఫోను కిందకి జారి ఉంది. గొంతు తగ్గించాలన్న సంగతే మరిచిపోయాడు.

మేనేజరు తెల్లబోయాడు. “తడబడటమేంటండీ? ఆయన చేసిన పడవలు ఎప్పట్నించో నీళ్ళలో తిరుగుతున్నాయి. ఒక్క చుక్క కారలేదు. ఇంకొన్ని చెయ్యమంటే తీరిక లేదంటున్నారు.”

“మరి రోజూ ఆ వైరు చిక్కుపడటం?”

“అదే నాకూ అర్థం కాలేదండీ. ఇందాక వెళ్ళేసరికి, చక్కగా నడుస్తున్న మెషీన్‌కి రోలర్లు ఆయనే బిర్రుగా బిగించేసి, గోడకి చెవి ఆనించుకుని కూచున్నారు.”