దోసిలి నీళ్ళు

"అవ్వా, జర నీళ్ళు పొయ్యి."

ఉగాది దాటినప్పటి నుంచి ఆ మనిషి రోజూ పొద్దున్నే వచ్చి దడి అవతల నిలబడి ఇదే మాట అడుగుతున్నాడు. నడుముకు తాడు, భుజాన గొడ్డలి, చేతిలో అరిగిపోయిన పార.

లస్మవ్వ చెంబెత్తి పైనుంచి పోసింది. అతను వంగి, దోసిలి పట్టి గటగటా తాగాడు.

"ఎండిన వాగుల నీకు రోజూ ఏం పనయ్యా?"

"ఉన్నది తీ, ఓ పని," అని మూతి తుడుచుకొని వాగువైపు సాగిపోయాడు.

గుమ్మం చాటు నుంచి లస్మవ్వ కూతురు నర్మద ఆ తాడునే చూసింది. పదిహేనేళ్ళ పిల్ల. కొత్తవాళ్ళ ముందు నోరు పెగలదు.

బోథ్ ఊరు దాటి, అడవి అంచున, చేనులోనే కొత్తగా కట్టుకున్న ఇల్లు వాళ్ళది. పొద్దు వాలితే ఇంటిల్లిపాదీ అరుగు మీద చేరతారు. చుక్కల దుప్పులు అడవి దిగి, చేను దాటి, వాగువైపు వెళ్ళే వేళ అది.

"అచ్చినయా?" చూపు ఆనని బాపమ్మ, నర్మద నానమ్మ, గుసగుసగా అడిగేది.

"అచ్చినయ్ బాపమ్మా. చెవి తెగినదొచ్చింది. ఎనుక పిల్ల."

"నడుస్తున్నదా?"

"తల్లి కాళ్ళ సందుల నడుస్తున్నది."

నర్మద తండ్రి కైలాసం చుట్ట పక్కన పెట్టి పెండ్లాం లస్మవ్వ వైపు తిరిగేవాడు. "నిర్మల్ల మీ తమ్ముడు కొయ్య జింకల్ని అల్మార్ల పెట్టి మురుస్తడు. మనయి సూడు, నడిచే బొమ్మలు."

"మా తమ్ముని ఊసెత్తందే నీకు పొద్దు గూకదు."

"ఎందుకస్తున్నయో ఎర్కేనా? ఈ ఇంట్ల ఎవ్వడు రాయి ఎత్తడని."

దుప్పులు తిరిగి అడవిలోకి వెళ్ళేదాకా నర్మద మనసు ఒక చోట నిలిచేది కాదు. పిల్ల దుప్పికి ఇంకా కాళ్ళు వణుకుతున్నాయి. ఆ మనిషి నడుముకున్న తాడేమో కళ్ళ ముందే ఆడుతోంది.

మర్నాడు అతను నీళ్ళు తాగి వెళ్ళగానే వెనకే నడిచింది. దూరంగా మోదుగు చాటున నిలబడి చూసింది.

వాగు ఇసుకలో మూడు గుంతలు. వాటి మీద అతను తాడుతో మోపు కట్టి తెచ్చిన కొమ్మలు కప్పుతున్నాడు.

ఆ పల్లెల్లో కొమ్మలు కప్పిన గుంత అంటే అందరికీ తెలుసు. జొన్న కంకి పట్టే కాలంలో అడవిపందుల కోసం తవ్వుతారు. కాలు పడిందా, మళ్ళీ లేవడం ఉండదు.

ఇంటికి పరుగెత్తింది. నోరు పెగలని పిల్ల ఒక్క గుక్కలో చెప్పింది.

"బాపూ, ఆయన గుంతలు తోడిండు. కొమ్మలు కప్పుతుండు. మన దుప్పులకే."

కైలాసం కట్టె అందుకున్నాడు. నర్మద వెంట పరుగెత్తింది.

"మా ఇంట్ల నీళ్ళు తాగి, మా జీవాలకే గుంత తోడుతవా?"

"పటేలా, జర ఇను..."

"ఇనేదేం లేదు."

"ఎండలు దిగేదాక ఉండనియ్యి. అటెన్క నేనే పోత."

"ఎండలు దిగేదాక ఒక్కటన్న మిగుల్తదా? మళ్ళ ఈ దిక్కు కనబడితె పోలీసు పటేలుకు పట్టిస్త."

అతను గుంతలవైపు చూశాడు. నర్మదవైపు చూశాడు. గొడ్డలి భుజాన వేసుకొని అడవిలోకి నడిచాడు.

అతను వదిలిపోయిన పారతోనే కైలాసం మూడు గుంతలూ పూడ్చాడు. కొమ్మలైనా తీయలేదు. వాటి మీదే ఇసుక నెట్టాడు.

"మంచి పని చేసినవ్ బిడ్డా," అన్నాడు. నర్మదకు ఆ పూట అన్నం సయించింది.

సాయంత్రం దుప్పులు రాలేదు.

"మనిషి అలికిడికి బెదిరినయ్. రేపొస్తయ్," అన్నాడు కైలాసం.

రెండో రోజూ రాలేదు.

మూడో రోజు, పొద్దున్నే చేనులో వాలే నెమళ్ళూ లేవు. కైలాసం ఇంట్లోకీ వాకిట్లోకీ పదిసార్లు తిరిగాడు. నర్మద చేను గట్టున గుప్పెడు జొన్నలు చల్లి వచ్చింది, మళ్ళీ వెళ్ళి చూసింది. చల్లినవి చల్లినట్టే ఉన్నాయి.

"కూత గూడ ఇనొస్తలేదేందిరా?" అంది బాపమ్మ.



నాలుగో రోజు పొద్దున నర్మద వాగుకు వెళ్ళింది. పార పట్టుకొని కైలాసం వెనకే వచ్చాడు.

పూడ్చిన మూడు చోట్లా ఇసుక కుళ్ళగించి ఉంది. రాత్రివేళ వచ్చి పోయినట్టు గిట్టల మీద గిట్టల గుర్తులు. కప్పిన కొమ్మలు సగం బయటికి వచ్చాయి.

మోదుగు నీడలో పిల్ల దుప్పి ఒత్తిగిలి పడి ఉంది. మూతికంతా ఇసుక. ఈగలు ముసిరాయి.

కైలాసం గిట్టలు గీరిన చోటే పార దించాడు. మోకాలి లోతుకు ఇసుక నల్లబడింది. ఇంకో నాలుగు పారలు ఎత్తేసరికి అడుగున తడి మెరిసింది. చూస్తుండగానే జానెడు నీరు ఊరింది.

"చెలిమెలు," అన్నాడు నెమ్మదిగా.

"మరి కొమ్మలు?"

"ఎండకు నీళ్ళు ఇంకకుంట. బర్లు దిగి తొక్కకుంట. పొద్దుగూకంగ జీవాలకని తీసి పోతుండె గావచ్చు."

ఎండిన వాగుకు దుప్పులు దేనికి వెళ్తున్నాయని ఆ ఇంట్లో ఒక్కరూ అడగలేదు.

"ఆయన్ని పిలుసుకొద్దాం బాపూ. ఏ ఊరు?"

"అడగలే బిడ్డా."

నర్మద వంగి దోసిలి నిండా నీళ్ళు తీసుకుంది. చల్లగా, తేటగా ఉన్నాయి. తాగబోయి ఆగింది.

ఇన్ని నీళ్ళు చేతి కింద పెట్టుకొని, అవి జీవాలవని ఒక్క గుక్కా ముట్టకుండా, ఆ మనిషి రోజూ తమ దడి దగ్గరికి వచ్చి దోసిలి పట్టాడు.