కుందేలుకు తోడు

"ఇది కరవదు కదా?" బుట్టలోని తెల్ల కుందేలు పిల్లని చూస్తూ అడిగారు హైమావతిగారు.

"కరవదమ్మగారూ. పిల్లలు ఎంత నలిపినా కిక్కురుమనదు. తిండి కూడా తక్కువే," అంది ఎలీసమ్మ. ఒంగోల్లో తమ్ముడు పెంచుతున్న వాటిలోంచి ఏరి తెచ్చిందది.

అన్నాకే ఆమెకి తట్టింది. పోయిన మిరపకోతలప్పుడు కూతురు కరుణని ఈ ఇంట్లో పనికి వదిలిపెడుతూ కూడా ఇవే మాటలు చెప్పింది.

"మా పిల్లలకి సరిపోతుందిలే. కానీ తల్లిని వదిలొచ్చింది కదా, ఒంటరిగా ఉంటే బెంగ పెట్టుకోదూ? తోడు ఇంకోదాన్ని తెచ్చివ్వు."

"అట్టాగేనమ్మా." ఎలీసమ్మ కుందేలుని బుట్టలోంచి తీసి కింద వదిలింది. "మా కరుణని క్రిస్మస్‌కి రెండ్రోజులు పంపిస్తారా? తొమ్మిదేళ్ళది, అడిగిపోదామని..."

"వద్దులే. ఇప్పుడిప్పుడే నీ మీద ధ్యాస తగ్గుతోంది. ఇంటికెళ్ళొస్తే మళ్ళీ ఏడుపు మొదలెడుతుంది."

ఎలీసమ్మ ఖాళీ బుట్ట తీసుకుని పెరట్లోకి నడిచింది. కరుణ అక్కడ కుందేలు గూట్లో గడ్డి పరుస్తోంది. అంతా విన్నట్టుంది. తలెత్తకుండానే మెల్లగా అంది:

"రెండోదాన్ని మావయ్యతో పంపకమ్మా. నువ్వే తీసుకురా."