పద్యం మధ్యలో ఆపిన పున్నారావు

హలో, అందరికీ వినబడుతోందా? నిన్న మన తెనాలి హాల్లో జరిగింది చెబుతా. ఇప్పుడు నాటకానికి మనుషులు రావడం మానేశారు కదా, తమలాగే ఉండే మరబొమ్మను పంపుతున్నారు. అది చూసి, ఇంటికెళ్లి కథ చెబుతుంది.

నా పక్కాయన రెప్ప వేయడం లేదు. నాకు అనుమానం. స్టేజీ మీద రాజు వేషం కట్టిన పున్నారావు గారికి ఇంకా అనుమానం. చప్పట్లన్నీ ఒకేసారి మొదలై ఒకేసారి ఆగుతున్నాయి. ఆయన పద్యం మధ్యలో ఆపేశారు.

"మనిషన్నవాడు ఒక్కడున్నా అందుకోండి. లేదంటే మళ్లీ ముఖానికి రంగు వేసుకోను."

పూర్వం నటుడు పద్యం మరిచిపోతే జనమే అందించేవాళ్లు. బొమ్మలు మర్యాదగా కూర్చున్నాయి. నేనే లేచి, నోటికొచ్చిన పాదం అందుకున్నాను.

"ఆగవయ్యా! అది ఆఖరి పాదం! నీకెందుకొచ్చిన పద్యాలు?" అని వెనక నుంచి ఒక ముసలమ్మ కసిరింది.

పున్నారావు గారు పకపకా నవ్వారు. "తప్పు పాడేవాడొకడు, తిట్టేదొకావిడ. చాలు, నాటకం ఆడొచ్చు," అని పద్యం మొదటి నుంచి ఎత్తుకున్నారు.

ఈ సంగతి నలుగురికీ చెప్పండి. బొమ్మతో చెప్పించకండి, మీరే చెప్పండి.