బోడి దీవి

అయినా, చేతకానివాడు అన్నంత మాత్రాన మనిషి వెళ్ళిపోతాడా?

కళ్ళద్దాల షాపు వెనకగదిలో అద్దం అంచు అరగదీస్తూ పేరయ్య అదే ఆలోచిస్తున్నాడు.

పేరయ్య అతని అసలు పేరు కాదు. కంప్యూటర్లో పాత గ్రీకు యుద్ధాల ఆట ఆడే గుంపు పెట్టిన పేరు. ఆదివారం ఎవరికి తీరిక, ఎవరితో ఎవరు తలపడాలి, ఎవరికి ఏ నగరం, అన్నీ కుదిర్చేది తనే. పెళ్ళిళ్ళ పేరయ్యలాగా.

షాపులో అతన్ని పేరుతో పిలిచేవాళ్ళు లేరు. "ఇదిగో", "నిన్నే", అంతే. ఆదివారం మాత్రం ఐదుగురు అతని మాట కోసం కాచుకుని ఉండేవాళ్ళు.

ఇప్పుడు వాళ్ళు చెదిరిపోతున్నారు.

గొడవంతా బోడి దీవి గురించి. ఆట పటంలో ఆరు చోట్లుంటాయి, మనిషికొకటి. ఐదింటికి అడవులున్నాయి. ఆరోది ఉత్త రాతి దీవి. చెట్టు లేదు కాబట్టి కలప లేదు. కలప లేనిదే ఓడల్లేవు. ఓడల్లేనివాడి గతి అందరికీ తెలిసిందే.

ఇన్నాళ్ళూ ఆ దీవి, గుంపులో అందరూ నత్త అని పిలిచే ఆటగాడు తీసుకునేవాడు.

"ఎవరికీ వద్దంటే నాకివ్వండి బాబూ," అని రాసేవాడు. ఎక్కడుంటాడో, ఏం చేస్తాడో ఎవరూ అడగలేదు. అందరికంటే ముందు ఓడిపోయి, "బాగా ఆడారు," అనేవాడు.

ఒక ఆదివారం నత్త పేరయ్య జట్టులో పడ్డాడు. జట్టు ఓడింది.

"నత్తని కట్టుకుంటే నువ్వూ నత్తవే పేరయ్యా," అని ఆటగాళ్ళలో ఒకాయన, మీసాలాయన, గుంపులో రాశాడు.

ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది.

"నత్త గారూ, చేతకానివాళ్ళకి ఇక్కడ చోటు లేదు. ఇక రాకండి," అని అందరి ముందూ రాసేశాడు పేరయ్య.

నవ్వు బొమ్మలు వరసగా పడ్డాయి. అతనికి ఛాతీ వెడల్పయినట్టనిపించింది. తన మీద అరిచాక యజమాని ముఖంలో కనిపించే తృప్తి కూడా ఇలాంటిదేనని అప్పుడు తట్టలేదు.

"సరే బాబూ. మీరంతా కలిసి ఆడుకోండి," అన్నాడు నత్త.

నత్త చోటులోకి కొత్తగా ఒకావిడ చేరింది. దీవి ఎవరికన్న గొడవ ఆ తర్వాతే మొదలైంది.

"ఈసారి దీవి బ్యాంకాయనకి," అన్నాడు పేరయ్య.

"నాకెందుకయ్యా? మీసాలాయనకివ్వు."

"నాకేం ఖర్మ?"

"పోనీ చీట్లు వేస్తాను."

"నువ్వు వేసే చీట్ల సంగతి మాకు తెలీదా పేరయ్యా?"

బ్యాంకాయన మానేశాడు. ఆయన వెనకే మరొకరు. చివరికి మీసాలాయనే, "ఆ నత్తనే పిలువు, పీడా పోతుంది," అన్నాడు.

పిలిచాడు. "ఆదివారం రండి, చోటు ఇస్తాను," అని రాశాడు. ఇస్తాను అన్న దగ్గర వేలు ఆగింది గానీ, దిద్దబుద్ధి కాలేదు.

ఆ పేరుతో ఇక్కడ ఎవరూ లేరని కంప్యూటర్ జవాబిచ్చింది.

ఆదివారం వచ్చింది. తెర ముందు కూర్చున్నాడు.

"ఏరా సేనాపతీ, సైన్యం రాలేదా?" అంది అక్క, ఆరిన బట్టలు చంకనేసుకుని.

"వస్తారులే."

"ఈలోపు ఆ కంచం కడుగు. నీ రాజ్యం ఎక్కడికీ పోదు."

ఆమె లోపలికి వెళ్ళింది. గుంపులోకి ఒక్కరే వచ్చారు. ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసే ఆవిడ. కొత్తగా చేరింది ఈవిడే.

"నేనొక్కదాన్నేనా?"

"ఇవాళ కుదరలేదండీ."

"పోనీ పాత ఆట ఏదైనా చూపించండి. నేర్చుకుంటాను."

ఆడేటప్పుడు ఎవరి సముద్రం వాళ్ళకే కనిపిస్తుంది. అయిపోయాక మాత్రం ఎవరి వైపు నుంచైనా మళ్ళీ చూడొచ్చు. పేరయ్య దాచుకున్నది ఒకటే. తన మొట్టమొదటి ఆట. నత్త మీద గెలిచింది.

"ఎలా ఆడకూడదో ముందు చూడండి," అని నత్త వైపు నుంచి పెట్టాడు. ఇంకా ఆ నోటికి బుద్ధి రాలేదు.

ఎవరింట్లో వాళ్ళు కూర్చుని చూస్తున్నారు.

బోడి దీవి. రాళ్ళు. నత్త ఆ రాళ్ళే అమ్మి సంతలో కలప కొన్నాడు. అవతల పేరయ్య ఇంకా గొర్రెలు తోలుకుంటూ ఉండగానే దీవి చుట్టూ ఓడలు నీళ్ళలోకి దిగాయి.

"చెయ్యి తిరిగిన మనిషండీ," అని రాసిందావిడ.



ఓడలు పొగమంచు దాటి ఒక రేవు ముందు ఆగాయి. పేరయ్య రేవే. కాపలా లేదు. గోడ సగమే లేచింది.

తెర మూలన ఒక వాక్యం పైకి వచ్చింది. ఆ రోజు తను రాసిందే. రాసినట్టు కూడా గుర్తులేదు.

"నేను ఎందులోనూ గెలిచింది లేదండీ. ఇందులోనూ ఓడితే మళ్ళీ రాను."

ఓడలు కాసేపు అలాగే నిలబడ్డాయి. తర్వాత ఒక్కొక్కటే వెనక్కి తిరిగాయి. దీవి కోట తలుపులు తెరుచుకున్నాయి. దారి తెలియని పేరయ్య సైన్యం తడుముకుంటూ వచ్చేదాకా తెరిచే ఉన్నాయి.

అతనికి చెవులు వేడెక్కాయి. గదిలో ఎవరూ లేకపోయినా తెర వెలుతురు తగ్గించాడు.

"ఎవరండీ ఈయన? మన గుంపులోనే ఉన్నారా?" అని అడిగిందావిడ.

నత్త, అని కొట్టాడు. చెరిపేశాడు. తెలీదు, అని కొట్టాడు. అదీ చెరిపేశాడు.

"నాకు మొదటి గెలుపు ఇచ్చినాయన. నేనే వెళ్ళగొట్టాను," అని రాసి, మళ్ళీ చదువుకోకుండా అందరికీ కనిపించేలా గుంపులోనే పెట్టేశాడు.